కంచం కడిగిన నీళ్లు

పెళ్లయి కోబేలో దిగిన మొదటి సాయంత్రం
మా అత్తగారు మణిగౌరి, ఊరందరికీ బా,
పడమటి కిటికీలోంచి చూసి
"ఇంకా ఇరవై నిమిషాలుంది, కూర్చో" అంది.
ఏదో రైలు వేళ అనుకున్నాను.
సూర్యుడి వేళ.

పాలన్‌పూర్‌లో మా పుట్టింట్లోనూ ఉండేది చౌవిహార్.
పొద్దు గుంకాక పచ్చి మంచినీళ్లయినా ముట్టకపోవడం.
కానీ మాకది పెట్టెలోని పట్టుకోటు.
పర్యూషణ ఎనిమిది రోజులూ తొడుక్కుని
మళ్లీ మడతపెట్టేవాళ్లం.
బాకి అది ఒంటి చర్మం.

నాలుగు రొట్టెల ఆకలికి మూడే తినేది.
తిన్నాక కంచంలో కాచిన నీళ్లు పోసి
ఉంగరం వేలితో అంచులన్నీ తిప్పి
పప్పు పసుపునీ, అంటుకున్న ఆవగింజనీ పోగుచేసి
గటగటా తాగేసేది.
ఎంగిలి నీళ్లు!
నేను మొహం తిప్పుకున్నాను. నిజం చెప్పాలంటే డోకొచ్చింది.

"వదిలేస్తే ఆ తడిలో ఏవో ప్రాణాలు పుడతాయి,
పుట్టించి మళ్లీ తోమి చంపడమెందుకు?" అంది.

అవతల గదిలో మా ఆయన
ఉత్తరపు కిటికీ కింద తెల్లగుడ్డ పరిచి
ముత్యాలు ఏరుతున్నాడు.
ముత్యానికీ పగటి వెలుగే కావాలి.
"మరి అవో? ఒక్కోదానికీ ఒక్కో చిప్ప నోరు తెరిచారు కదా"
ఉండబట్టలేక అడిగేశాను.
బా జవాబు చెప్పలేదు.
ఆ పూట ఇంకో రొట్టె వెనక్కి పెట్టింది.
ఆమె చెవులకి ముత్యం నేనెన్నడూ చూడలేదు.

తర్వాత ఆ జనవరి.
తెల్లవారకముందే నేల
చేటలో బియ్యంలా మమ్మల్ని చెరిగింది.
బడి వ్యాయామశాలలో నీలం పట్టాల మీద
మూడో రాత్రి.
పక్క పట్టా మోరికావా గారు
ఎక్కడ దొరికాయో, రెండు అన్నపు ముద్దలు తెచ్చింది.
బా రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది.
పై కిటికీ వైపు చూసింది. నల్లగా ఉంది.
ఒకటి నాకిచ్చి, ఒకటి విప్పి చింతన్ చేతిలో పెట్టింది.
"చీకటి కదా, బా?" అన్నాడు ఐదేళ్లవాడు.
"నియమం నాది. ఆకలి నీది. తిను."
మేం తింటున్నంతసేపూ
తనే తింటున్నట్టు నెమ్మదిగా దవడ కదిపింది.

పొద్దున గంజి వచ్చింది.
ఎండ పడ్డాక నలభై ఎనిమిది నిమిషాలు లెక్కపెట్టుకుని
అప్పుడు గిన్నె ఎత్తింది.
కడగడానికి నీళ్లు లేవు, గిన్నెలకి ప్లాస్టిక్ పొర చుట్టుకోమన్నారు.
బా చుట్టలేదు.
రెండు గుక్కల నీళ్లు, ఉంగరం వేలు, ఒక చుట్టు.
గిన్నె అద్దమైంది.

మోరికావా గారు కళ్లప్పగించి చూసింది.
"మా నాన్న కుర్రతనంలో గుడిలో ఉండేవాడు.
ముల్లంగి ఊరగాయ ముక్కతో గిన్నె తుడిచి
ఆ టీ తాగేసేవాడు, అచ్చం ఇలాగే."
నేను గుజరాతీలో చెప్పాను.
ముల్లంగి దగ్గర బా కనుబొమ్మ పైకి లేచింది.
"దుంపా!"
అని, నవ్వింది.
మూడు రోజుల తర్వాత ఆ హాల్లో నేను విన్న మొదటి నవ్వు.

ఆ నవ్వు చాటున
నా గిన్నెలోనూ నీళ్లు పోసుకున్నాను.
పసుపు లేదు, ఆవాలు లేవు, కాస్త గంజి తెలుపు.
తాగాను. రుచేమీ లేదు.
అప్పు తీరిన రోజు ఇంట్లో ఉండే నిశ్శబ్దంలా
ఏదో గొంతు దిగింది.

బా పోయి పదకొండేళ్లు.
నేను ఆమెంత గట్టిదాన్ని కాను.
లెక్కలు తేలక కొట్లో చీకటిపడితే
ఒక్కోరోజు తినేస్తాను,
పడమటి కిటికీకి పరదా మాత్రం వేయను.
ఈ వేళ ఇంకా ఇరవై నిమిషాలుంది.
మూడో రొట్టె దగ్గర చెయ్యి ఆపి
నీళ్లు పోసి వేలు తిప్పుతాను.
కంచం అడుగున చివరి బొట్టు
ఎండకి మెరుస్తూ దొర్లుతుంది,
ముత్యంలా
అనబోయి ఆగిపోతాను.
తాగేస్తాను.